పేరులో దంతం ఉంది, అడవిలో ఏనుగు లేదు: ఐవరీ కోస్ట్ సొంత జీవాలకి ఏమైంది?

క్లుప్తంగా: ఐవరీ కోస్ట్‌లో ఏనుగులు, చింపాంజీలు, పొట్టి హిప్పోలు తగ్గిపోవడానికి వేట ఒక్కటే కారణం కాదు. చాక్లెట్‌కి వాడే కోకో కొత్తగా కొట్టిన అడవి నేలలో చాలా చవగ్గా పండుతుంది, ముసలి తోటని తిరిగి నాటడం మాత్రం ఖరీదు, అందుకే తోట వందేళ్లుగా తూర్పు నుంచి పడమరకి జరుగుతూ పోయింది. మిగిలిన జీవాలు కొన్ని పార్కుల్లో, కొన్ని ఊళ్ల నమ్మకాల నీడలో బతుకుతున్నాయి. ఇప్పుడు అడవి కొట్టి పండించిన కోకోని ఆపే యూరప్ చట్టం వల్ల ఈ విషయం మళ్లీ చర్చలోకి వచ్చింది.

2024లో థాయిలాండ్ జూలో పుట్టిన మూ డెంగ్ అనే పిల్ల హిప్పో గుర్తుండే ఉంటుంది, నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు, నోరు తెరిచి కీపర్ మోకాలు కొరికే వీడియోలు, మన ఫోన్లలో కూడా నెలల తరబడి తిరిగాయి. అది ఏ దేశపు జంతువు అంటే చాలామంది థాయిలాండ్ అనేస్తారు. నిజానికి ఆ పొట్టి హిప్పోకి సొంతూరు పశ్చిమ ఆఫ్రికా. లైబీరియా, సియెర్రా లియోన్, గినీ, ఐవరీ కోస్ట్, ఈ నాలుగు దేశాల అడవుల్లో తప్ప ఇంకెక్కడా స్వేచ్ఛగా తిరగదు. 2015 నాటి అంచనా ప్రకారం పెద్దవి 2,500 కూడా లేవు. మామూలు హిప్పోలా మందగా నదిలో పడి ఉండేది కాదు ఇది, ఒంటరిగా, రాత్రిపూట, వాగు పక్కన పొదల్లో తిరిగే జీవం, బరువు కూడా మామూలు హిప్పోలో ఆరో వంతో ఏడో వంతో. అడవిలో దీన్ని కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ, పరిశోధకులు కూడా ఎక్కువగా అడుగుజాడలూ కెమెరా ఫొటోలూ చూసే లెక్కలు వేస్తారు.

ఈ హిప్పోకి మిగిలిన పెద్ద ఆసరాల్లో ఒకటి ఐవరీ కోస్ట్ నైరుతి మూల ఉన్న తాయీ నేషనల్ పార్క్. ఆ పార్క్ చుట్టూ ఏముంది అని చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది, చుట్టూ దాదాపు అన్ని వైపులా కోకో.

దేశానికి సరుకు పేరు

యూరప్ వ్యాపారులు ఆ తీరానికి పేర్లు పెట్టింది అక్కడ ఏం దొరుకుతుందో చూసి. ఇప్పటి లైబీరియా వైపు గింజల తీరం, ఇప్పటి ఘనా బంగారు తీరం, ఇంకొంచెం తూర్పుకి వెళ్తే బానిసల తీరం, గింజల తీరానికీ బంగారు తీరానికీ మధ్యలో ఉన్నది దంతాల తీరం. గింజలంటే ధాన్యం కాదు, మన ఏలకుల కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్క విత్తనాలు, మిరియంలా ఘాటుగా ఉంటాయి. అంటే ఐదారు వందల ఏళ్ల కిందటే ఆ అడవి మొక్కలూ జంతువులూ ఓడల్లో ఎక్కే సరుకు అయిపోయాయి అన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక కూడా పేరు మారలేదు, పైగా 1986 నుంచి మా పేరుని అనువాదం చేయకండి, కోత్ దివ్వార్ అనే పిలవండి అని ప్రభుత్వం ప్రపంచాన్ని అడుగుతోంది. దేశపు చిహ్నంలో ఏనుగు తల, ఫుట్‌బాల్ టీం ముద్దుపేరు ఏనుగులు, 2024 ఫిబ్రవరిలో ఆ టీం సొంత గడ్డ మీద ఆఫ్రికా కప్పు గెలిచినప్పుడు అబిజాన్ వీధులన్నీ ఏనుగు బొమ్మలే.

అడవిలో లెక్క వేరేలా ఉంది. 2011 నుంచి 2017 మధ్య పరిశోధకులు 25 రక్షిత ప్రాంతాలు తిరిగి వెతికితే ఏనుగులున్న ఆనవాళ్లు దొరికింది నాలుగింటిలోనే. మొత్తం దేశంలో ఇప్పుడు మిగిలింది కొన్ని వందలే. చింపాంజీల పరిస్థితీ అంతే, 1989-90లో చేసిన సర్వేనీ 2007 సర్వేనీ పక్కపక్కన పెడితే దాదాపు 90 శాతం తగ్గుదల కనిపించింది. 18 ఏళ్లలో ఇంత పడిపోవడం ఒక్క వేటతో అయ్యే పని కాదు. ఉండే చోటే పోయింది.

కోకోకి కొత్త అడవే ఎందుకు కావాలి

కోకో ఆఫ్రికా మొక్క కాదు, దక్షిణ అమెరికా అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చింది. అది ఇక్కడ స్థిరపడిన తీరు చూస్తే అడవి ఎలా పోయిందో తేలిగ్గా అర్థమవుతుంది.

రైతు ముందు అడవిలో చిన్న చెట్లు నరికి, పెద్ద చెట్ల మొదళ్లకి మంట పెట్టి నిలువునా ఎండబెడతాడు. బూడిద పడ్డ ఆ నేలలో మొదట అరటి, చేమ లాంటివి వేస్తాడు, ఇంటికి తిండీ అవుతుంది, లేత కోకో మొక్కలకి నీడా అవుతుంది. మూడు నాలుగేళ్లకి కాయలు మొదలవుతాయి. కాయలు కత్తితో కోసి, పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజల్ని అరిటాకుల్లో చుట్టి ఐదారు రోజులు పులియబెట్టి, తర్వాత ఎండబెడతారు. ఈ మొదటి పదిహేను ఇరవై ఏళ్లు రైతుకి పెద్ద ఖర్చు ఉండదు, ఎందుకంటే వందల ఏళ్లుగా ఆకులు కుళ్లి తయారైన సారం నేలలోనే ఉంది, కలుపు తక్కువ, తెగుళ్లు తక్కువ, తేమ ఎక్కువ. అడవి ఉచితంగా ఇచ్చిన పెట్టుబడి ఇది.

పాతికేళ్లు దాటాక చెట్టు ముసలిదవుతుంది, అదే నేలలో మళ్లీ నాటాలంటే ఎరువు కావాలి, కలుపు తీయడానికి కూలీలు కావాలి, నీడ లేక లేత మొక్కలు చస్తాయి. అదే ఖర్చుతో పడమర వైపు వెళ్లి కొత్త అడవి కొడితే రెండింతలు తోట వస్తుంది. అందుకే తోట తూర్పున మొదలై మధ్యలో ఉన్న దలోవా, గాన్యోవా వైపుకి, అక్కణ్ణుంచి నైరుతిలో సూబ్రే, సాన్ పెద్రో వైపుకి జరుగుతూ వచ్చింది. ఒక రకంగా పోడు వ్యవసాయమే, కాకపోతే పోడులో నేలని కొన్నేళ్లు వదిలేస్తే అడవి తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, ఇక్కడ అలా వదిలింది లేదు.

దీనికి రాజకీయం తోడైంది. 1960 నుంచి 1993 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఫెలిక్స్ ఉఫువె-బువాన్యి స్వయంగా కోకో తోటల ఆసామి, 1963లో ఆయన చెప్పిన మాట ఏంటంటే భూమిని సాగులోకి తెచ్చినవాడిదే భూమి అని. వినగానే మనకి దున్నేవాడిదే భూమి గుర్తొస్తుంది, తేడా ఏంటంటే మన నినాదం భూస్వామి చేతిలోంచి భూమి అడిగింది, అక్కడిది అడవి చేతిలోంచి తీసుకుంది. దేశం మధ్య భాగం నుంచి, ఉత్తరాన ఉన్న ఇప్పటి బుర్కినా ఫాసో నుంచి లక్షల మంది కూలీలుగా వచ్చి రైతులయ్యారు. 1970ల చివరికి ఐవరీ కోస్ట్ ఘనాని దాటేసి కోకోలో మొదటి స్థానానికి వెళ్లింది, ఇప్పటికీ ప్రపంచ కోకోలో దాదాపు 40 శాతం అక్కడిదే. అడవి మాత్రం గత శతాబ్దంలో కోటిన్నర హెక్టార్ల పైనుంచి 30 లక్షల హెక్టార్ల దగ్గరికి వచ్చి ఆగింది.

చిత్రం ఏంటంటే ఆ దేశం డబ్బు సంపాదించే పెద్ద పంటల్లో కోకో అమెజాన్‌ది, రబ్బరు అమెజాన్‌ది, జీడి బ్రెజిల్‌ది. జీడి పిక్కల ఉత్పత్తి అక్కడ ఏడాదికి పది లక్షల టన్నులు దాటింది, అందులో కొంత ఇండియాకే వస్తుంది, శ్రీకాకుళం జిల్లా పలాసలో విదేశీ పిక్కల దిగుమతి మీద రైతులకీ వ్యాపారులకీ మధ్య జరిగే గొడవకి ఆఫ్రికా చివర ఇదే.

ఏనుగు పోతే చెట్టుకేంటి

అడవి అంటే చెట్లు మిగిలితే చాలు అనుకుంటే తాయీలో జరిగేది అర్థం కాదు. అక్కడ పాండా అనే ఒక చెట్టు ఉంది, చైనా పాండాకీ దీనికీ ఏ సంబంధం లేదు. దాని కాయ లోపల టెంక రాయిలా ఉంటుంది. ఈ కాయని మింగి, కిలోమీటర్ల దూరం నడిచి, పేడలో విత్తనం వదిలేది అడవి ఏనుగు. వేరే జంతువులకి అంత పెద్ద టెంక మింగడం సాధ్యం కాదు. మకోరే అనే ఇంకో మహావృక్షం కూడా అంతే, దాని విత్తనాలు ఎక్కువగా ఏనుగు కడుపు దాటే దూరాలకి చేరతాయి. ఏనుగు లేని అడవిలో తల్లి చెట్టు అలాగే నిలబడి ఉంటుంది, కాయలు కింద రాలి అక్కడే కుళ్లిపోతాయి, పైనుంచి శాటిలైట్ ఫొటోలో అడవి పచ్చగానే కనపడుతుంది. నష్టం కనపడాలంటే ఆ చెట్టు చచ్చేదాకా ఆగాలి.

ఇందులో మూడో పాత్ర చింపాంజీ. తాయీ చింపాంజీలు రాళ్లు వాడి కాయలు పగలగొడతాయని లోకానికి బాగా తెలిసింది 1979లో క్రిస్టోఫ్ బోష్, హెడ్విగె బోష్ దంపతులు అక్కడ పరిశోధన మొదలుపెట్టాక. కొంచెం మెత్తటి కాయలకి కర్ర దుంగ సరిపోతుంది, పాండా టెంకకి మాత్రం బరువైన రాయే కావాలి. పైకి తేలిన చెట్టు వేరు మీద టెంక నిలబెట్టి, రాయి రెండు చేతులతో ఎత్తి, గట్టిగా కొడితే లోపల పప్పు నలిగిపోతుంది కాబట్టి ఆచితూచి కొడుతుంది, ఒక వైపు పగిలాక టెంక తిప్పి ఇంకో వైపు కొడుతుంది. పిల్ల పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూస్తే గానీ ఈ పని రాదు. 2007లో అదే అడవిలో తవ్వకాల్లో 4,300 ఏళ్ల నాటి చింపాంజీ సుత్తిరాళ్లు బయటపడ్డాయి. అంటే ఇది తరాలుగా నేర్చుకుంటూ వచ్చిన పనితనం. ఏనుగు నాటిన చెట్టు, ఆ చెట్టు కింద చింపాంజీ బడి. ఒక గుంపు మొత్తం పోతే జంతువులతో పాటు ఆ విద్య కూడా పోతుంది, జూలో పిల్లల్ని పుట్టించి దాన్ని తిరిగి తేలేరు.

రోగాల సంగతి వేరే. 1994లో తాయీలో చనిపోయిన చింపాంజీకి పోస్ట్‌మార్టం చేసిన పరిశోధకురాలికి ఒక కొత్త రకం ఎబోలా సోకింది, ఆమె బతికారు, ఆ వైరస్‌కి తాయీ అడవి పేరే పెట్టారు. మన నుంచి వాటికి జలుబులు అంటుకుని చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి, అందుకే అక్కడ కరోనాకి ముందు నుంచే పరిశోధకులు మాస్కులు వేసుకుని దూరం పాటిస్తున్నారు.

సొంత వైరస్ ఎదురు తిరిగింది

2024లో చాక్లెట్ రేట్లు పెరిగినప్పుడు, లండన్, న్యూయార్క్ మార్కెట్లలో టన్ను కోకో 10,000 డాలర్లు దాటి పోయినప్పుడు, వార్తల్లో వానల గురించే ఎక్కువ చెప్పారు. ఇంకో కారణం కూడా ఉంది, కోకో కొమ్మలు ఉబ్బిపోయే వైరస్ తెగులు. 1936లో ఇప్పటి ఘనాలో మొదట గుర్తించారు. కొమ్మలు, వేర్లు గడ్డల్లా ఉబ్బుతాయి, ఆకు ఈనెలు ఎర్రబారతాయి, దిగుబడి పడిపోయి కొన్నేళ్లకి చెట్టు చస్తుంది, మందు లేదు, నరికి కాల్చడమే.

ఈ వైరస్ అమెజాన్ నుంచి కోకోతో రాలేదు. పశ్చిమ ఆఫ్రికా అడవి చెట్లలో ఎప్పటినుంచో ఉన్నదే, తెల్లబూరుగు, కోలా లాంటి చెట్లు దాన్ని మోస్తూ కూడా పెద్దగా బాధపడవు, దానితో కలిసి బతకడం అలవాటైపోయింది. అలవాటు లేని కొత్త మొక్కని లక్షల ఎకరాల్లో పక్కపక్కన నాటితే వైరస్‌కి పండగ. దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మోసేది పిండినల్లి, మన పత్తి, బొప్పాయి రైతులకి బాగా తెలిసిన పురుగే, ఆ పిండినల్లిని చీమలు పశువుల్లా కాపాడుకుంటాయి, అది వదిలే తీపి కోసం. ఘనాలో ఈ తెగులు ఆపడానికి దశాబ్దాల్లో 20 కోట్లకి పైగా కోకో చెట్లు నరికారు.

దీంట్లో ఒక ఇరకాటం ఉంది. తోటల్లో అడవి చెట్లు తిరిగి పెంచండి, నీడ వస్తుంది, తేమ నిలుస్తుంది అని ఇప్పుడు అందరూ చెప్తున్నారు, కోకో పువ్వుకి పరాగం మోసే సన్నటి దోమ లాంటి ఈగలు కూడా కుళ్లిన ఆకుల్లోనే పుడతాయి కాబట్టి అది నిజమే. కానీ ఏ అడవి చెట్టు పెంచాలి అన్నది చూసుకోకపోతే వైరస్‌కి ఇల్లు కట్టిచ్చినట్టే. తెల్లబూరుగు ఎంత బాగున్నా కోకో పక్కన వద్దు.

యుద్ధం రెండు రకాలుగా పనిచేసింది

2002లో మొదలైన అంతర్యుద్ధం, తర్వాత 2010-11 ఎన్నికల గొడవలు. దేశం రెండుగా చీలినప్పుడు పార్కు గార్డులు వెళ్లిపోయారు. మధ్య పశ్చిమంలో మరావే, మోన్ పెకో నేషనల్ పార్కుల్లోకి వేల మంది దిగి కోకో వేసేశారు. మరావేలో అడవి చాలావరకు పోయింది. మోన్ పెకో నుంచి 2016లో వేల మందిని ఖాళీ చేయిస్తే వాళ్లంతా చుట్టుపక్కల ఊళ్ల మీద పడ్డారు, అది ఇంకో సమస్య అయ్యింది. దలోవా చుట్టుపక్కల చేలల్లోకి వస్తున్న ఏనుగుల్ని 2014లో మత్తు ఇచ్చి, లారీలెక్కించి, సముద్రం దగ్గర ఉన్న అజాన్యీ పార్కుకి తరలించాల్సి వచ్చింది.

ఈశాన్యంలో ఉన్న కొమోయే పార్క్ సంగతి కొంచెం నయం. 11,500 చదరపు కిలోమీటర్లు, సవాన్నా గడ్డి నేలలూ నది పక్క అడవులూ కలిసి ఉంటాయి. 1983లో ప్రపంచ వారసత్వ స్థలం, 2003లో ప్రమాదంలో ఉన్నవాటి లిస్టులోకి ఎక్కింది, 2017లో ఆ లిస్టులోంచి బయటికి వచ్చింది. అలా బయటపడటం మాములు విషయం కాదు. గార్డులు తిరిగొచ్చారు, పరిశోధన కేంద్రం మళ్లీ తెరిచారు, జింకలూ దున్నలూ కొంత కోలుకున్నాయి. అక్కడి చింపాంజీలు పొడుగాటి పుల్ల చివర నమిలి బ్రష్‌లా చేసి చెట్టు తొర్రలో నీళ్లు తాగడం కూడా ఈ మధ్య కాలంలోనే బయటపడింది. దక్షిణాన కోకో పండే తడి నేల, ఉత్తరాన కోకో బతకని ఎండ, కొమోయే బతకడానికి ఇది కూడా ఒక కారణం అనుకోవచ్చు. 2020లో పార్క్ అంచున, బుర్కినా ఫాసో సరిహద్దు దగ్గర, కాఫోలోలో సైనికుల మీద దాడి జరిగింది, అప్పట్నుంచి సరిహద్దు భయం మళ్లీ ఉంది.

పడమర కొసన నింబా కొండ మీద ఇంకో విచిత్రం, గుడ్లు పెట్టని ఒక చిన్న కప్ప. కడుపులో తొమ్మిది నెలలు మోసి నేరుగా పిల్లల్ని కంటుంది, తోకకప్ప (టాడ్‌పోల్) దశే లేదు. అది బతికేది ఆ కొండ పైన ఉండే గడ్డిలోనే. ఆ కొండలో ఇనుప ఖనిజం ఉంది, 1992 నుంచి ఆ కొండ కూడా ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల లిస్టులోనే ఉంది.

చట్టం లేని చోట నమ్మకం

బొండూకూ దగ్గర సోకో అనే ఊళ్లో కోతుల్ని ఎవరూ కొట్టరు. యుద్ధంలో శత్రు సైన్యం నుంచి తప్పించుకోవడానికి తమ పూర్వీకులే కోతులుగా మారారని వాళ్ల నమ్మకం. కోతి మాంసం మామూలుగా అమ్ముడుపోయే దేశంలో కోతులు ఇళ్ల మధ్య తిరిగే ఊరు అన్నమాట. ఊరి దేవత వనంలో పుల్ల కూడా విరవని అలవాటు మన ఏజెన్సీ గూడేల్లోనూ ఉంది కాబట్టి ఇది మనకి కొత్తగా అనిపించదు. కాకపోతే నమ్మకం కాపాడేది ఆ ఒక్క కోతి జాతిని, ఆ కొన్ని ఎకరాల్ని.

ఆగ్నేయంలో తనోయే-ఎహీ చిత్తడి అడవి ఇంకో ఉదాహరణ. రొలోవే అనే గడ్డం కోతికి మిగిలిన ఆఖరి చోట్లలో అదొకటి. 2008లో ఒక పామాయిల్ కంపెనీ అక్కడ నీళ్లు తోడించి తోట వేయాలనుకుంది, ఊళ్లవాళ్లూ పరిశోధకులూ అడ్డం తిరిగాక ఆగిపోయింది. ఇప్పుడు కాపలా ఊళ్లదే. ఆ చుట్టుపక్కలే ఒకప్పుడు మిస్ వాల్డ్రన్ ఎర్ర కొలొబస్ అనే కోతి ఉండేది, 1978 తర్వాత దాన్ని ప్రాణాలతో చూసినట్టు ఏ శాస్త్రవేత్తా ధ్రువీకరించలేదు.

ఇల్లు వదిలి బాగుపడ్డ చెట్టు

ఆ కంపెనీ నాటబోయిన చెట్టు మాత్రం పక్కా లోకల్. ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా, దాని శాస్త్రీయ నామంలోనే గినీ ఉంది. ఐవరీ కోస్ట్ పల్లెల్లో దాన్నుంచి ఎర్ర నూనె తీస్తారు, బంగీ అనే కల్లు తీస్తారు. అదే చెట్టు ఇప్పుడు ఏలూరు, ద్వారకా తిరుమల, చింతలపూడి, అశ్వారావుపేట దాకా వచ్చి గెలలు వేస్తోంది, ఇండియాలో తయారయ్యే పామాయిల్‌లో దాదాపు అంతా ఆంధ్ర, తెలంగాణలదే, పరిశోధన సంస్థ పెదవేగిలో ఉంది, 2021లో కేంద్రం 11,040 కోట్లతో పథకం కూడా పెట్టింది.

చెట్టు ఒక్కటే వస్తే కాయదు, దాని పురుగు కూడా రావాలి. మగ పూలు సోంపు వాసన వేస్తాయి, ఆ వాసనకి ఒక చిన్న ముక్కుపురుగు వచ్చి అందులోనే గుడ్లు పెడుతుంది, ఆడ పువ్వు కూడా కాసేపు అదే వాసన వేసి దాన్ని మోసం చేస్తుంది, అలా పరాగం అంటుతుంది. మలేషియాలో దశాబ్దాలు మనుషులు చేత్తో పరాగం చల్లారు, 1981లో కామెరూన్ నుంచి ఈ పురుగుని తెచ్చి వదిలాక ఆ పని తప్పింది, తర్వాత ఇండియాకీ వచ్చింది. తోటలో పూల మీద పాకే ఆ గోధుమరంగు పురుగులకి మందు కొట్టకూడదని రైతులకి చెప్పేది ఇందుకే.

ఇలా వచ్చినవి ఇంకా ఉన్నాయి, ఆఫ్రికా గినీ పేరు మన నోట్లో గిన్నెగా మారి గిన్నె కోడి అయింది, గోల్కొండ నయా కిల్లాలో ఉన్న ఆ లావుపాటి చెట్టు ఆఫ్రికా బావోబాబ్, క్రీముల్లో కనపడే షియా బటర్ ఐవరీ కోస్ట్ ఉత్తర జిల్లాల్లో ఆడవాళ్లు ఏరుకొచ్చే గింజల కొవ్వు, ఆ చెట్టుదీ మన ఇప్పదీ ఒకే కుటుంబం.

యూరప్ చట్టం, చెట్టు ఎవరిది అనే ప్రశ్న

2023లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన చట్టం ప్రకారం 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కోకో, కాఫీ, రబ్బరు, పామాయిల్ లాంటివి అక్కడ అమ్మకూడదు. ప్రతి తోట ఎక్కడుందో శాటిలైట్ కోఆర్డినేట్లతో చూపించాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది. దీనివల్ల కొత్తగా కొట్టడం తగ్గొచ్చు, తాయీ అంచులకి కొంత ఊపిరి ఆడొచ్చు. కానీ ఐవరీ కోస్ట్‌లో అడవిలో ఎక్కువ భాగం ఆ తేదీకి చాలా ముందే పోయింది, దాని గురించి చట్టం అడగదు. కాగితాల మీద ఇప్పటికీ రిజర్వు అడవిగా ఉన్న చోట తోట వేసుకున్న కుటుంబాల పరిస్థితి ఇంకా తేలలేదు, 2019 అటవీ చట్టం అలాంటి బాగా పాడైన చోట్లని తోటా అడవీ కలిసిన ప్రాంతాలుగా మార్చే దారి తెరిచింది, రైతు ఉండొచ్చు, చెట్లు పెంచాలి అనే షరతు మీద.

చెట్లు పెంచడం దగ్గర పాత అనుభవం ఒకటి అడ్డు పడుతోంది. చాలా ఏళ్లు రైతు పొలంలో ఉన్న ఇరోకో లాంటి కలప చెట్టు రైతుది కాదు, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కలప కాంట్రాక్టర్‌ది. వాడు వచ్చి చెట్టు కొడితే అది పడేటప్పుడు కింద ఇరవై కోకో చెట్లు విరిగేవి, పరిహారం అంతంతమాత్రం. అందుకే రైతు తెలివిగా చేసిన పని ఏంటంటే ఇరోకో మొలకని చిన్నప్పుడే పీకేయడం, పెద్దదైతే మొదట్లో మంట పెట్టి చంపేయడం. మన దగ్గర పట్టా పొలంలో టేకు కొట్టాలన్నా పర్మిషన్ కోసం తిరగాలి కాబట్టి గట్టు మీద టేకు ఎందుకులే అనుకునే రైతులకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. 2014 చట్టం చెట్టు భూమి యజమానిదే అని తేల్చింది. యజమాని అని నిరూపించుకోవాలంటే భూమి కాగితం ఉండాలి, 1998 భూ చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఆ కాగితం చేతిలో ఉన్న కోకో రైతులు తక్కువే, తాతల కాలంలో నోటిమాట మీద భూమి తీసుకున్న వలస కుటుంబాలకి అది ఇంకా కష్టం. కోకో మొక్క నాటితే నాలుగేళ్లకి కాయ కనపడుతుంది, ఇరోకో కలపకి రావాలంటే యాభై ఏళ్లకి పైనే ఆగాలి. కో-ఆపరేటివ్‌లు ఉచితంగా పంచే నీడ మొక్కల్లో ఎన్ని పొలంలోకి వెళ్తాయి, ఎన్ని సంచిలోనే ఎండిపోతాయి అన్నది ఆ కాగితం దగ్గరే తేలుతుంది.